సొంత వాక్యంలో వాడండి

ఇంగ్లీషు పరీక్షలో ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది. ఈ కింది జాతీయాలకు అర్థం రాసి సొంత వాక్యంలో వాడండి, అని. అర్థం గైడులో ఉండేది, బట్టీ పట్టేవాళ్లం. చిక్కంతా ఆ సొంత వాక్యం దగ్గరే. మా క్లాసులో వెనక బెంచీ వాడొకడు దానికి బ్రహ్మాండమైన ఉపాయం కనిపెట్టాడు. ‘మా మాస్టారు నిన్న ఫలానా జాతీయానికి అర్థం చెప్పారు’ అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం తయారుచేసి పెట్టుకున్నాడు. ఆ ఫలానా చోట ‘వైట్ ఎలిఫెంట్’ పెట్టినా సరిపోయేది, ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ పెట్టినా సరిపోయేది. వ్యాకరణ దోషం లేదు, స్పెల్లింగు తప్పు లేదు, వాక్యం సొంతమే. దిద్దేవారు సున్నా వేయలేక, నిండు మార్కూ వేయలేక, పళ్లు నూరుకుంటూ సగం వేసి వదిలేసేవారు.

అప్పట్లో వాణ్ని చూసి నవ్వుకున్నాం గానీ, ఆ ప్రశ్నకు వాడిచ్చిందే సరైన జవాబని నాకిప్పుడు అనిపిస్తుంది. ఎవరు, ఎవరితో, ఏ వేళ అన్నారో చెప్పకుండా మాటను పట్టుకొచ్చి చేతిలో పెట్టి వాడమంటే పిల్లాడు మాత్రం ఎక్కడ వాడతాడు? వాడికి తెలిసిన సందర్భం ఒక్కటే, మాస్టారు చెప్పడం. నిజాయితీగా అదే రాశాడు.

ఆ జాబితా కూడా తరాల నాటిది. అన్నయ్య నోట్సులో ఉన్నవే నా నోట్సులో, ఆ తర్వాత బ్యాంకు పరీక్షల గైడులోనూ అవే. ‘రెడ్ లెటర్ డే’, ‘హెర్క్యులియన్ టాస్క్’, ‘మిల్క్ ఆఫ్ హ్యూమన్ కైండ్‌నెస్’. ఈ చివరిదానికి ఎదురుగా ‘దయాగుణం’ అని ఉండేది. మేం దాన్ని మదర్ థెరిసాకు తగిలించి వాక్యాలు రాసేవాళ్లం. తీరా అది షేక్‌స్పియర్ ‘మాక్బెత్’లో లేడీ మాక్బెత్ నోటి మాట. నా మొగుడు మరీ మెత్తనివాడు, ఇంత జాలిగుండె పెట్టుకుంటే రాజును చంపి సింహాసనం ఎక్కేదెలా, అని ఆవిడ బెంగపడుతున్న ఘట్టంలోది. ఆ ఘట్టం గైడులో ఎవరూ రాయలేదు.

‘కిక్ ద బకెట్’ అయితే మరీ ప్రమాదం. దానికి ఎదురుగా ‘చనిపోవు’ అని ఒక్క మాటే ఉండేది. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన లండన్‌లో ఒక నిఘంటువు వేశాడు. అది పెద్దమనుషుల భాషకు కాదు, వీధుల్లో, సారా దుకాణాల్లో, సైనికుల గుడారాల్లో దొర్లే మొరటు భాషకు. ‘కిక్ ద బకెట్’ అందులో ఉంది. అంటే పుట్టుకలోనే దాని మీద ‘నలుగురిలో అనకూడదు’ అనే ముద్ర ఉంది. మన గైడు దగ్గరకొచ్చేసరికి ఆ ముద్ర చెరిగిపోయి, మహాత్మాగాంధీ 1948లో బకెట్ తన్నారని పిల్లలు రాసే స్థితి వచ్చింది.

విచిత్రమేమిటంటే, అదే మాటను మనవాళ్లు ‘బాల్చీ తన్నేశాడు’ అని తెలుగులో ఎప్పుడో కలిపేసుకున్నారు. ఇక్కడ మాత్రం ఎవరూ పొరబడరు. పోయారు, కాలం చేశారు, పరమపదించారు, స్వర్గస్థులయ్యారు, టపా కట్టేశాడు, గుటుక్కుమన్నాడు, బాల్చీ తన్నేశాడు. పెద్దకర్మ కార్డు మీద వీటిలో ఏది అచ్చేయించాలో, టీకొట్టు దగ్గర ఏది అనొచ్చో, పోయినాయన కొడుకు వింటుంటే ఏది నోట్లోనే మింగేయాలో మనకు చదువురాని వాళ్లతో సహా అందరికీ తెలుసు. ఎవరు చెప్పారు? పరామర్శకు వెళ్లినప్పుడు పెద్దవాళ్ల వెనక నుంచుని విన్నాం. ఎప్పుడో నోరు జారితే అమ్మ ఉరిమి చూసింది. అంతే, ఇక జన్మలో మరిచిపోలేదు.

మూలకథ తెలిస్తే వాడకం దానంతటదే వస్తుందని కొందరి నమ్మకం. ఆ నమ్మకం మీద బోలెడు కట్టుకథలు బతుకుతున్నాయి. పూర్వం ఇంగ్లండులో గడ్డి ఇళ్ల కప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ జోరువానకు జారి కిందపడేవట, అందుకే పిల్లీకుక్కల వాన అన్నారట. 1990ల చివర ఈమెయిళ్లలో ఊరేగిన ఈ కథ ఇప్పుడు వాట్సాప్‌లో కాపురం పెట్టింది. దానికి ఆధారం లేదు. ఆధారం ఉన్న సంగతి ఇంకా రసవత్తరం. జొనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చేసిన సంభాషణల పుస్తకంలో ఈ మాట ఉంది. ఆ పుస్తకమంతా గొప్పింటి వాళ్లు నలుగురు చేరితే చెప్పుకునే అరిగిపోయిన మాటల మీద వెక్కిరింత. అంటే దాదాపు మూడు వందల ఏళ్ల కిందటే నవ్వులపాలైన మాటను మనం మార్కుల కోసం కంఠతా పట్టాం.

ఇంతకీ ఈ బకెట్లూ ఏనుగులూ పెద్ద కష్టం కాదు. వాటి వాలకం చూస్తేనే ఇందులో ఏదో ఉందని తెలుస్తుంది. తెలియకపోతే అడుగుతాం, లేదా ఫోన్లో వెతుకుతాం. మనిషిని బోల్తా కొట్టించేవి చిన్నచిన్న మాటలు. ఒక్కో ముక్క అర్థం తెలుసు, మొత్తం కలిపి ఏం చెప్పారో తెలియదు. పైగా తెలియలేదన్న సంగతే తెలియదు.

ఈ విషయం నాకు మా బాబాయి దయవల్ల బోధపడింది. బాబాయి ఇరిగేషన్ శాఖలో చేసి రిటైరయ్యాడు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో కొడుకు దగ్గరకు పిన్నితో కలిసి ఆర్నెల్లకని వెళ్లాడు. ఆయన ఇంగ్లీషుకు వంక పెట్టడానికి లేదు. ‘విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్’ అని మొదలుపెడితే ‘సబ్మిటెడ్ ఫర్ ఫేవర్ ఆఫ్ ఆర్డర్స్’ దాకా ఎక్కడా తడుముకోకుండా నోటు రాయగలడు. అలాంటివాడు మొదటిరోజు మార్నింగ్ వాక్‌లోనే చిత్తయ్యాడు. ఎదురొచ్చిన ఒకాయన నవ్వి, ‘హౌ ఈజ్ ఇట్ గోయింగ్’ అన్నాడు. బాబాయి ఆగి, ప్రయాణం బాగానే జరిగిందనీ, మోకాళ్లు మాత్రం కాస్త పట్టేశాయనీ చెప్పడానికి సిద్ధమయ్యేలోపు ఆయన రెండిళ్లు దాటిపోయాడు. ఇంటికొచ్చి, ‘అడిగినవాడు సమాధానం వినకుండా పోవడమేం మర్యాదరా’ అన్నాడు. ‘అదంతే నాన్నా, పట్టించుకోకు’ అన్నాడు కొడుకు.

బాబాయి పట్టించుకున్నాడు. ముప్పై ఏళ్ల పైచిలుకు కాలవ పనులకు ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం, రాసిన చెయ్యి అది. ఒక నోటుపుస్తకం తీసుకుని స్కేలు పెట్టి గళ్లు గీశాడు. మాట, ఎవరన్నారు, ఎవరితో, ఎక్కడ, మొహం ఎలా ఉంది, తర్వాత ఏం జరిగింది. అర్థానికి గడి పెట్టలేదు. తిరిగొచ్చాక ఆ పుస్తకం నా చేతికిచ్చి, ‘మీరంతా ఇంగ్లీషుతోనే బతుకుతున్నారుగా, చూడు’ అన్నాడు. అందులోవి కొన్ని ఉన్నదున్నట్టు:

‘గుడ్ ఫర్ యూ. పక్కింటి పెద్దాయన, నాతో. రోజూ రెండు మైళ్లు నడుస్తానంటే. మొహం నిండా నవ్వు. మెచ్చుకున్నాడు.’

దాని కిందే: ‘గుడ్ ఫర్ యూ. కోడలు, అబ్బాయితో. వంటింట్లో. శనాదివారాలు రెండూ క్రికెట్ ఉందని వాడంటే. మొహంలో నవ్వు లేదు. వాడు ఆదివారం వెళ్లలేదు.’

‘ఐయామ్ గుడ్. హోటల్లో, ఇంకాస్త కాఫీ పోయనా అని ఆ అమ్మాయి అడిగితే అబ్బాయి అన్నాడు. ఆమె పోయకుండా వెళ్లిపోయింది. అంటే వద్దని.’

‘యు ఆర్ గుడ్. కాస్ట్కోలో నా బండి ఒకావిడ బండికి తగిలింది. సారీ చెప్పాను. అప్పుడంది. నా మంచితనం సంగతి ఆమెకేం తెలుసు? ఫర్వాలేదని కాబోలు.’

‘వియ్ షుడ్ హావ్ యూ ఓవర్ సమ్‌టైమ్. ఎదురింటావిడ, మీ పిన్నితో. తేదీ చెప్పలేదు. పిన్ని పట్టుచీర తీసి పెట్టుకుంది. పిలుపు రాలేదు.’

‘బ్లెస్ హర్ హార్ట్. అదే ఎదురింటావిడ, ఎవరో మూడో ఆవిడ గురించి. దీవెన అనుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దీవెన కాదు.’

ఈ చివరిది అమెరికాలో దక్షిణాది రాష్ట్రాల సొత్తు. నిజమైన జాలికీ అదే, ‘పాపం, బుర్ర కాస్త తక్కువ’ అనడానికీ అదే. మనం ‘పాపం, అమాయకురాలు’ అన్నప్పుడు గొంతులో తేడాను బట్టి జాలో వెటకారమో తెలిసినట్టే అదీనూ. టెక్సాస్‌లో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. న్యూయార్క్ నుంచి వచ్చినవాడికి చెప్పాలి. అంటే ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లూ ఊరు మారితే బాబాయిలాగే నోటుపుస్తకం తీయాల్సిందే.

పిలుపు కోసం చూసి చూసి పిన్ని నొచ్చుకుంటే, బాబాయే ఆమెకు సర్దిచెప్పాడట. ‘మన అమ్మాయికి మొదటి సంబంధం వాళ్లు చూసుకుని వెళ్తూ ఏమన్నారు? ఇంటికెళ్లి ఉత్తరం రాస్తామన్నారు. నువ్వు పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూశావా? ఇదీ అంతే’ అని. నిజమే కదా. పెళ్లిచూపుల్లో ‘ఉత్తరం రాస్తాం’, ఆఫీసులో ‘చూద్దాం లెండి’, అప్పు అడిగినచోట ‘ఒకటో తారీఖు తర్వాత కనపడు’. వీటిలో కాదన్న మాట ఎక్కడా లేదు, కాదని మాత్రం అందరికీ తెలుసు. సంచీ పట్టుకుని వెళ్తున్నవాణ్ని ‘ఏం బాబాయ్, బజారుకా?’ అంటాం. సంచీ కళ్లముందే ఉంది, బజారుకే అని తెలుసు, అతను ఏం కొంటాడో మనకు అక్కర్లేదు. నాలుగో రోజుకల్లా బాబాయి పంథా మార్చాడు. ‘హౌ ఈజ్ ఇట్ గోయింగ్’ అంటే ‘నాట్ టూ బ్యాడ్’ అని నడక ఆపకుండా అనేసి ముందుకు సాగడం మొదలుపెట్టాడు. ఆ ‘నాట్ టూ బ్యాడ్’ ఆయనకు ఎంత నచ్చిందంటే, ఊరికి వచ్చాక పంటల సంగతి అడిగినా అదే అంటున్నాడు.

నేను పనిచేసే చోట పరిస్థితి ఇందుకు పూర్తిగా తలకిందులు. మాదాపూర్‌లో మా కుర్రాళ్లలో ఒక్కడూ బేస్‌బాల్ మ్యాచ్ చూసి ఎరగడు. అయినా పొద్దుగూకులూ ‘బాల్‌పార్క్ ఫిగర్’ ఇస్తుంటారు, ‘టచ్ బేస్’ చేస్తుంటారు, క్లయింటు కొత్త కోరిక ఏదైనా కోరితే ‘కర్వ్‌బాల్’ వేశాడని వాపోతుంటారు. ఒకసారి ఫోన్లో అవతలి మేనేజర్ మీటింగుకు ‘రెయిన్ చెక్’ తీసుకుంటానంది. కొత్తగా చేరిన అబ్బాయి ఎంతో బాధ్యతగా న్యూజెర్సీ వాతావరణం వెతికి, అక్కడ ఎండగానే ఉందండీ అన్నాడు. వాడి శ్రద్ధ నాకు నచ్చింది. మాటలోని వాన వాడికి నిజంగానే వినపడింది మరి. వెనక నిజంగా వాన ఉంది కూడా. 1880ల నాటి అమెరికాలో బేస్‌బాల్ ఆట వానకు ఆగిపోతే, ఇంకో రోజు ఆట చూడ్డానికి పనికొచ్చే టికెట్ ముక్క ఇచ్చేవాళ్లు. ‘ఇప్పుడు కుదరదు, మరోసారి’ అనడం అక్కణ్నుంచి వచ్చింది.

క్రికెట్ మాటలైతే మనకు కొట్టిన పిండి అనుకుంటాం గానీ, ‘స్టికీ వికెట్’ మీద ఆడిన ఆట ఈ కుర్రాళ్లలో ఎవరు చూశారు? వానకు తడిసిన పిచ్ ఎండకు ఆరుతున్నప్పుడు బంతి ఎటు లేస్తుందో తెలియని గండం అది. పిచ్‌లకు కవర్లు కప్పడం మొదలయ్యాక అలాంటి వికెట్ ఆటలో దాదాపు కనుమరుగైంది. మాటలో మాత్రం ఇంకా తడి ఆరలేదు. పాచికలు వేసి ఎరగనివాళ్లం ‘వాడి పాచిక పారలేదు’ అనట్లేదా, అలాగే.

ఆఫీసు ఇంగ్లీషులో నాకు గిట్టనివి వేరే ఉన్నాయి. ‘సర్కిల్ బ్యాక్’, ‘టేక్ ఇట్ ఆఫ్‌లైన్’ లాంటివి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పకుండా తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి పనిముట్లు లేవు. మనవాళ్లు ముందుగా నేర్చేదీ వీటినే. అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకున్న కుర్రాడు ఇంటర్వ్యూలో ఇలాంటివి వరుసగా గుచ్చి అప్పజెపుతుంటే నాకు ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధాన్లు గారి ఇల్లు గుర్తొస్తుంది. కొడుకు ఇంగ్లీషు ఒక్కసారి వినాలని తల్లి ముచ్చటపడితే గిరీశమూ వెంకటేశమూ బడిపద్యం ముక్కలూ వ్యాకరణ సూత్రమూ కలిపి సంభాషణ నడిపించేస్తారు. తల్లి మురిసిపోతుంది. గురజాడ ఎవర్ని చూసి రాశాడో గానీ, గిరీశం నేడు ఉండి ఉంటే అమీర్‌పేటలో అతనికి రెండు బ్రాంచీలు ఉండేవి.

ఇదంతా మన బాధే అనుకోనక్కర్లేదు. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టి, ఈస్టిండియా కంపెనీ కొలువుకు కొత్తగా వచ్చిన ఇంగ్లీషు కుర్రాళ్లను మునషీల ముందు కూర్చోబెట్టారు. దేశభాషల్లో పరీక్ష పాసవకపోతే వాళ్లకు ముందుకు దారి లేదు. తర్వాత కలకాలం నిలిచే తెలుగు నిఘంటువు చేసిన బ్రౌను దొర కూడా అలా కూర్చున్నవాడే. 1868లో కార్ అనే కెప్టెన్ తెలుగు సామెతలు ఏరి, ఇంగ్లీషులో వివరాలు రాసి మద్రాసులో పుస్తకం వేశాడు. ఆ పుస్తకం చదివి కచేరీలో సామెత విసిరిన దొరను చూసి గుమాస్తాలు చాటున ఎంత నవ్వుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. సామెత తప్పయి ఉండదు. దొర నోట, ఆ వేళలో, ఆ ఫిర్యాదీ ముందు తప్పయి ఉంటుంది.

ఈ దారిలో అందరికంటే దూరం పోయినవాడు పెద్రో కరోలినో. 1855లో పోర్చుగీసువాళ్ల కోసం ఇంగ్లీషు సంభాషణల పుస్తకం ఆయన చేతిమీదుగా వచ్చింది. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఫ్రెంచి మీదుగా నిఘంటువు సాయంతో నెట్టుకొచ్చాడని పండితుల నిర్ణయం. ఎవరికోసమో కాళ్లు లాగేలా ఎదురుచూడటాన్ని ఫ్రెంచివాళ్లు చెప్పే ఒక పాత పలుకుబడి ఆయన చేతిలో పడి, చిన్న కోతిపిల్లను కొరికి నమలడంగా తేలింది. మరి నవ్వరా? 1883లో అమెరికాలో ఆ పుస్తకాన్ని మళ్లీ వేసినప్పుడు మార్క్ ట్వేన్ ముందుమాట రాశాడు. పాఠ్యపుస్తకంగా పుట్టిన ఆ పుస్తకం హాస్యగ్రంథంగా ఇప్పటికీ బతికే ఉంది.

నవ్వేవాళ్లు మనల్నీ చూసి నవ్వుతారు. ‘డు ద నీడ్‌ఫుల్’ అని రాస్తే లండన్‌లో ముసిముసిగా నవ్వుకుంటారు. అది ఒకప్పుడు వాళ్ల ఉత్తరాల్లోని మాటే. వాళ్లు వదిలేశారు, మనం వదల్లేదు. మా ఆఫీసులో ‘డోంట్ ఈట్ మై హెడ్’ అని ఒకమ్మాయి విసుక్కుంటే, ‘తల తినకు’ అన్నంత బాగానే అందరికీ ఎక్కుతుంది. దాన్ని తప్పని దిద్దే ఓపిక నాకు లేదు, అవసరమూ కనిపించదు. అవతల డెట్రాయిట్ వాళ్లున్న కాల్‌లో మాత్రం ఆ అమ్మాయి ఆ మాట అనదు. తెలివైనది.

ఇక్కణ్నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలూ ఉన్నాయి. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో సర్వీసు ముగిసిన ఇంగ్లీషు సైనికులు ఇంటికి పోయే ఓడ కోసం పడిగాపులు పడే శిబిరం ఉండేది. ఎండకూ పనిలేనితనానికీ అక్కడ మతి చలించినవాళ్ల పేరు మీద, పిచ్చెక్కినవాణ్ని ఇంగ్లండులో నేటికీ ‘డూలాలీ’ అంటారు. మన పందికొక్కు ఇంకా దూరం పోయింది. తెలుగు పేరునే ఇంగ్లీషువాళ్లు ‘బ్యాండికూట్’ చేసుకున్నారు. ఆస్ట్రేలియాలో మూతి పొడుగున్న, నేల తవ్వుకు తినే వేరే జంతువు కనిపిస్తే దానికీ అదే పేరు తగిలించారు. అక్కడ మనిషి దిగాలుగా ఉంటే బ్యాండికూట్‌లా ఉన్నాడంటారు. బంగాళాదుంప మొక్కల పైన ఆకు కదలకుండా కింద దుంపలు మాత్రం దొంగతనంగా తవ్వుకుపోవడాన్ని ‘బ్యాండికూట్’ చేయడం అంటారు. ఈ సంగతి బాబాయికి చెబితే అర్థం అడగలేదు. ఎవరి చేలో, అన్నాడు.